మూడు రోజుల స్కూల్ టూర్‌కి ఊటీ, మైసూరు కాకుండా ఎక్కడికి తీసుకెళ్ళొచ్చు?

మేడం, మీ ప్రశ్న చూశాను. గుంటూరు దగ్గర స్కూలు, ఎనిమిది తొమ్మిది క్లాసుల పిల్లలు 80 మంది, చేతిలో మూడు రోజులు, ట్రావెల్స్ వాళ్ళేమో మైసూరు ఊటీ ప్యాకేజీ తెచ్చి టేబుల్ మీద పెట్టారు, మీకేమో పిల్లల చదువుకి పనికొచ్చే చోట్లు కావాలి, అది కూడా మన రెండు రాష్ట్రాల్లోనే. నేను సోషల్ టీచర్ని, ఏటా పిల్లల్ని వేసుకుని తిరిగేవాణ్ణి, కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఊటీ సంగతి. ఊటీ మంచిదే, కాదనట్లేదు. కానీ గుంటూరు నుంచి మూడు రోజుల్లో మైసూరు, ఊటీ రెండూ అంటే సగం టైం బస్సులోనే పోతుంది, రాత్రంతా ప్రయాణం, పొద్దున్నే ఏదో హోటల్లో మొహాలు కడుక్కోవడం, ప్యాలెస్ దగ్గర గంట, జూలో గంట, మళ్ళీ బస్సు. పిల్లలకి గుర్తుండేది బస్సులో వేసిన పాటలు, వాంతులు చేసుకున్నవాడి పేరు, అంతే. ప్యాకేజీలో 11 ప్లేసులు రాశారు అని మురిసిపోకండి, నా లెక్కలో రోజుకి రెండు చోట్లు దాటితే అది టూర్ కాదు, హాజరు వేయించుకోవడం. దానికన్నా మూడు రోజులకీ కలిపి ఒకే సంగతి పెట్టుకోండి, రాళ్ళు అంటే రాళ్ళే, నీళ్ళు అంటే నీళ్ళే, చూసే ప్రతి చోటూ దానికే అతుక్కోవాలి. అప్పుడు మొదటి రోజు చూసింది మూడో రోజు పనికొస్తుంది.

మీకైతే నేను మొదట చెప్పేది నంద్యాల వైపు, బెలూం గుహలు, యాగంటి, గండికోట. ఎందుకో చెప్తాను.

గుంటూరు నుంచి నంద్యాలకి రైలుంది, నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా. గిద్దలూరు దాటాక నల్లమల అడవిలోకి ఎక్కుతుంది, సొరంగాలు వస్తాయి, పగటి బండి అయితే ఆ ప్రయాణమే ఒక పాఠం. పిల్లల చేత జిల్లా మ్యాప్ పట్టించి స్టేషన్లు గుర్తు పెట్టించండి. నంద్యాలలో దిగి అక్కడే బస్సులు మాట్లాడుకుంటే ఇక్కడి నుంచి బస్సు మొత్తం మూడు రోజులకి మాట్లాడే ఖర్చు తప్పుతుంది. చదువు టూర్లకి రైల్వేలో స్టూడెంట్ కన్సెషన్ ఉంటుంది, స్కూల్ లెటర్‌హెడ్ మీద పిల్లల లిస్టుతో ముందే వెళ్ళి అడగండి, బయల్దేరే వారం ముందు వెళ్తే పని అవదు.

బయల్దేరకముందు స్కూల్లో ఒక పని చేయండి. నాపరాయి ముక్క ఒకటి, మామూలు కంకర రాయి ఒకటి తెప్పించండి, మీ ఊళ్ళో ఎవరింట్లోనైనా కడప బండలు పరిచి ఉంటారు, విరిగిన ముక్క దొరుకుతుంది. సైన్స్ సార్‌ని పెట్టుకుని ల్యాబ్‌లో డైల్యూట్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ రెండు చుక్కలు దాని మీద వేయించండి. నాపరాయి మీద బుసబుసమని నురగ వస్తుంది, కంకర రాయి మీద ఏమీ రాదు. వచ్చేది కార్బన్ డయాక్సైడ్, ఎందుకంటే నాపరాయి సున్నపురాయే. ఇంతే ప్రయోగం, పది నిమిషాలు పట్టదు, కానీ ఇది చూసిన పిల్లాడు బెలూం గుహలోకి దిగినప్పుడు చూసే చూపు వేరు, చూడనివాడి చూపు వేరు. వాన నీళ్ళు గాల్లోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొంచెం యాసిడ్ గుణం తెచ్చుకుంటాయి, ఆ నీళ్ళు రాతి పగుళ్ళలోంచి దిగుతూ దిగుతూ లక్షల ఏళ్ళు రాయిని కరిగిస్తే గుహ తయారవుతుంది. ల్యాబ్‌లో రెండు చుక్కలు చేసిన పనే అక్కడ కింద జరిగింది.

బెలూం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉంటాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లు, అందులో సుమారు కిలోమీటరున్నర మాత్రం జనం నడవడానికి తీర్చిదిద్దారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త వీటి గురించి రాశాడు, ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు, 1982-83లో గెబావర్ అనే జర్మన్ ఆయన టీం వచ్చి లోపల కొలతలు తీసింది, 2002లో టూరిస్టులకి తెరిచారు. పైన చూస్తే ఏమీ ఉండదు, బోసి పొలాలు, నేలలో పెద్ద గొయ్యి, పిల్లలు ఇదేనా సార్ అంటారు. దిగిన పది నిమిషాలకి నోరు మూస్తారు.

జాగ్రత్తలు కూడా ఇక్కడే చెప్తాను. లోపల చల్లగా ఉంటుందనుకుంటారు అందరూ, ఉండదు, ఉక్కపోత, చొక్కా తడిసిపోతుంది, గాలి కోసం పైనుంచి గొట్టాలు పెట్టారు, వాటి కింద నిలబడితే ప్రాణం లేచొస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లల్ని, ఇరుకంటే భయపడే పిల్లల్ని బలవంతంగా దింపొద్దు, ఒక టీచర్ వాళ్ళతో పైనే ఉండాలి. 80 మందిని ఒకేసారి తోలొద్దు, ఇరవై మంది చొప్పున నాలుగు బ్యాచ్‌లు, ప్రతి బ్యాచ్‌కి ముందొక టీచరు వెనకొక టీచరు, దిగేముందు లెక్క, ఎక్కాక లెక్క. గుహ లోపల పాతాళగంగ అనే నీటి పాయ దగ్గర మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులేసుకున్న పిల్లలు జారతారు, బూట్లు ఉండాల్సిందే. ఆదివారం మధ్యాహ్నం మాత్రం వెళ్ళకండి, జనం, పొద్దున్న తెరవగానే వెళ్తే గైడు కూడా ఓపిగ్గా చెప్తాడు.

బెలూం నుంచి బయటికొచ్చాక అసలు మజా రోడ్డు మీదే ఉంది. ఆ చుట్టుపక్కల నాపరాళ్ళ గనులు, బేతంచెర్ల వైపు పాలిష్ ఫ్యాక్టరీలు, తాడిపత్రి, జమ్మలమడుగు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, పొలాల గట్ల మీద కూడా బండలు నిలబెట్టి కంచెలాగా కట్టి ఉంటారు. బస్సు ఆపి ఏదన్నా పాలిష్ యూనిట్ వాళ్ళని అడిగితే చూపిస్తారు, నాకు ఎప్పుడూ కాదనలేదు, పిల్లలంటే వాళ్ళకీ సరదా. ఒకటే రాయి, నీళ్ళు కరిగిస్తే గుహ, కోసి పాలిష్ పెడితే మన ఇంటి బండ, కాల్చి పొడి చేస్తే సిమెంటు. ఇది పిల్లలతోనే చెప్పించండి, మీరు చెప్పొద్దు. మిషన్ దగ్గర పనిచేసే ఆయన్ని కూలి ఎంత, దుమ్ముకి మాస్కు పెట్టుకుంటారా, ఈ బండలు ఎక్కడిదాకా వెళ్తాయి అని అడగనివ్వండి, మన సోషల్ పుస్తకంలో పరిశ్రమలు అని రెండు పేజీలుంటాయి కదా, దానికన్నా ఇది నయం.

దారిలో యాగంటి. గుడి ఎలాగూ పిల్లలు చూస్తారు, బసవన్న పెరుగుతున్నాడని గైడు కథ చెప్తాడు, అది వినండి, దాంతో పాటు కొండలోంచి కోనేట్లోకి వచ్చే నీళ్ళు ఎక్కడివి అని ఒక ప్రశ్న వేసి వదిలేయండి. అక్కడికి దగ్గర్లోనే జ్వాలాపురం అనే ఊరుంది, ఆ జుర్రేరు లోయలో తెల్లటి బూడిద పొర ఒకటి ఉంటుంది, అది సుమారు 74 వేల ఏళ్ళ కింద ఇండోనేషియా సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాల్లో కొట్టుకొచ్చి పడ్డ బూడిద. ఆ పొర కిందా పైనా కూడా మనుషులు చేసుకున్న రాతి పనిముట్లు దొరికాయి, రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా అనే పురావస్తు శాస్త్రవేత్తల టీం తవ్వి 2007లో ఆ సంగతి బయటపెట్టింది. తెలిసిన వాళ్ళని వెంటబెట్టుకోకుండా 80 మందితో పొలాల్లో పడి తిరగొద్దు, బస్సులో ఆ లోయ చూపించి చెప్పినా చాలు. మన కర్నూలు సీమ మీద సుమత్రా బూడిద ఏంటి సార్ అని ఒక్కడైనా అడుగుతాడు, అడక్కపోతే నన్నడగండి.

మూడో రోజు గండికోట. పొద్దున్నే ఉండాలి అక్కడ, ఎండెక్కాక రాయి కాలిపోతుంది. పెన్నా నది కోసిన లోయ చూసి అందరూ ఫోటోలు దిగుతారు, మీరు మాత్రం రాయి వైపు చూపించండి, ఇది ఎర్రగా, పొరలు పొరలుగా, గట్టిగా ఉంటుంది, క్వార్ట్‌జైట్ అంటారు. దీని మీద యాసిడ్ వేస్తే నురగ రాదు. అంటే పెన్నా ఈ రాయిని కరిగించలేదు, ఇసుకా గులకరాళ్ళూ దొర్లించుకుంటూ అరగదీసి కోసింది. నిన్న గుహలో నీళ్ళు చేసిన పని వేరు, ఇవ్వాళ ఇక్కడ చేసిన పని వేరు, రెండూ నీళ్ళే. నేను ఇందాక మూడు రోజులకీ ఒకే సంగతి అన్నది దీని గురించే, ఈ రెండూ ఒకే టూర్లో పక్కపక్కన పడితేనే పిల్లాడికి ఎక్కుతుంది. కోట లోపల మాధవరాయ గుడి, జామియా మసీదు, పెద్ద ధాన్యాగారం ఉన్నాయి, ధాన్యాగారంలోకి తీసుకెళ్ళి ముట్టడి పడితే ఇన్ని వందల మంది ఎన్నాళ్ళు తినగలరో అంచనా వేయమనండి, గదుల కొలతలు అడుగులతో కొలిపించి లెక్క కట్టించండి, మ్యాథ్స్ టీచర్ వస్తే ఇంకా బాగుంటుంది. లోయ అంచున రెయిలింగ్ ఉండదు. మళ్ళీ చెప్తున్నా, రెయిలింగ్ ఉండదు. సెల్ఫీ ఫోన్లు ఆ గంటసేపు టీచర్ల దగ్గర ఉండాలి, పిల్లలు అంచుకి వెళ్ళకుండా టీచర్లే వరసగా నిలబడాలి.

ఇంకో రోజు దొరికితే, లేదా పదో క్లాసు పిల్లలైతే, గుత్తి దగ్గర ఎర్రగుడి కలపండి. అశోకుడి శాసనాలు, మన కర్నూలు జిల్లాలో, ఎక్కడో బీహార్లో కాదు. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. బండల మీద బ్రాహ్మీ అక్షరాలు, అందులో చిన్న శాసనంలో కొన్ని లైన్లు ఎడమ నుంచి కుడికి, వెంటనే తర్వాతది కుడి నుంచి ఎడమకి చెక్కి ఉంటాయి, ఎద్దులతో దున్నేవాడు సాలు చివర మళ్ళుకొచ్చినట్టు. ఇంటి దగ్గరే పిల్లలకి బ్రాహ్మీలో నాలుగు అక్షరాలు నేర్పి తీసుకెళ్తే బండ మీద వెతుక్కుంటారు, ఎవరికి ముందు దొరికితే వాళ్ళు అరుస్తారు. బ్రాహ్మీ నేర్పకుండా తీసుకెళ్తే మాత్రం వేస్టు, పది నిమిషాల్లో చూసేసి నీడ కోసం వెతుక్కుంటారు.

సరే, అంత దూరం వద్దు, ఒక రోజే ఇస్తామంది మేనేజ్‌మెంట్ అంటే మీకు నాగార్జునసాగర్ ఉండనే ఉంది. అందరూ డ్యాం చూసి గేట్లు లెక్కపెట్టి వచ్చేస్తారు, 26 గేట్లు, సరే. అసలు కథ నీళ్ళ కింద ఉంది. 1926లో సూరపరాజు వెంకట్రామయ్య అనే బడిపంతులు ఆ లోయలో పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశాడు, మనలాంటి టీచరే చూడండి, అక్కడ మొదలైంది. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి బయటపడింది. తర్వాత ప్రాజెక్టు వస్తుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నీళ్ళు రాకముందే గబగబా తవ్వి, ముఖ్యమైన కట్టడాల్ని కొన్నిటిని నాగార్జునకొండ మీదికి, కొన్నిటిని అనుపు ఒడ్డుకి తరలించి మళ్ళీ కట్టారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరా గాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. లాంచీలో వెళ్తున్నప్పుడు ఇదంతా చెప్పి, ఇప్పుడు మనం ఒక రాజధాని మీద వెళ్తున్నాం అనండి, ఆ నీళ్ళే కదా మన పొలాలకి వచ్చేది, పాత ఊరు ముంచి కొత్త పంట పండించడం సబబా కాదా అని తొమ్మిదో క్లాసు పిల్లల చేత వాదించండి. లాంచీ నీటి మట్టాన్ని బట్టి, గాలిని బట్టి ఉంటుంది, ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరండి, లైఫ్ జాకెట్ వేయకుండా ఒక్కరిని కూడా ఎక్కనివ్వొద్దు. కొండ మీది మ్యూజియం శుక్రవారం సెలవు.

సైన్స్ పిచ్చి ఉన్న బ్యాచ్ అయితే శ్రీహరికోట, పులికాట్, నేలపట్టు కలిపి రెండు రోజులు. అందరూ రాకెట్ అంటారు, కానీ అక్కడే ఎందుకు పెట్టారు అన్నదే పాఠం. తూర్పున బంగాళాఖాతం, కాలిపోయిన స్టేజీలు జనం మీద పడవు. భూమి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి తూర్పుకి వదిలితే ఆ వేగం ఊరికే కలిసొస్తుంది, శ్రీహరికోట ఉన్న అక్షాంశం దగ్గర అది సెకనుకి సుమారు 450 మీటర్లు, పిల్లలు దీన్ని గంటకి కిలోమీటర్లలోకి మార్చి చూస్తే ఆశ్చర్యపోతారు. 1971 అక్టోబర్ 9న చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన చోటు, 1979లో ఉపగ్రహాన్ని మోసుకెళ్ళే మొదటి రాకెట్ ఎస్‌ఎల్‌వీ సముద్రంలో పడింది, 1980 జూలైలో రెండోది గెలిచింది, 2023 జూలై 14న చంద్రయాన్-3 అక్కడి నుంచే వెళ్ళింది. లోపలికి ఊరికే పోనివ్వరు, స్కూల్ తరఫున చాలా ముందుగా లెటర్ పెట్టి పర్మిషన్ తెచ్చుకోవాలి, ఫోన్లు కెమెరాలు బయటే. లాంచ్ చూడాలంటే గ్యాలరీకి ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, కానీ లాంచ్ డేటుని నమ్ముకుని 80 మంది టూర్ ప్లాన్ చేయకండి, వాయిదా పడితే మీరు పేరెంట్స్‌కి సమాధానం చెప్పుకోలేరు. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే వెళ్తుంది, చలికాలంలో రెండు పక్కలా ఫ్లెమింగోలు కనిపిస్తాయి, నేలపట్టులో గూడబాతులు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూళ్ళు పెట్టుకుని ఉంటాయి. పర్మిషన్ రాకపోయినా ఈ రెండూ చూసి వచ్చినా నష్టం లేదు. డిసెంబర్, జనవరి అయితే బెస్టు.

తెలంగాణ వైపు ఒక్కటే చెప్పమంటే రామప్ప గుడి. 1213లో కాకతీయ గణపతిదేవుడి కాలంలో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021 జూలైలో యునెస్కో గుర్తింపు వచ్చింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలిక, పునాది కింద ఇసుక నింపారు, ఈ రెండూ ఎందుకు చేశారో పిల్లల్నే చెప్పమనండి. గుడి చూసి తిరిగొచ్చేయకండి, పక్కనే రామప్ప చెరువుంది, కాకతీయులు గుడీ చెరువూ ఊరూ కలిపి కట్టేవాళ్ళు, కట్ట మీద నిలబడి కింద పొలాలు చూస్తేనే ఆ రాజుల సంగతి అర్థమవుతుంది. వరంగల్ కోట, వేయి స్తంభాల గుడి ఎలాగూ దారిలోవే.

హైదరాబాద్ గురించి అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కలు. బిర్లా సైన్స్ సెంటర్లో కోటసారస్ డైనోసార్ అస్థిపంజరం ఉంది, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలు అవి, మన గోదావరి పక్కన తిరిగిన డైనోసార్ అని చెప్తే పిల్లలు వదలరు. సాలార్‌జంగ్‌లో గడియారం దగ్గర అరగంట పోతుంది, పోనివ్వండి, శుక్రవారం సెలవు అని మాత్రం గుర్తుంచుకోండి. గోల్కొండలో చప్పట్లు అందరూ కొడతారు, దాంతో పాటు కొండ పైకి నీళ్ళెక్కించిన మట్టి గొట్టాలు చూపించండి. సెప్టెంబర్ 26 సీఎస్‌ఐఆర్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ స్థాపన దినం, ఆ చుట్టుపక్కల జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ లాంటి దాని ల్యాబులు ఓపెన్ డే పెడతాయి, ముందుగా వాళ్ళ వెబ్‌సైట్ చూసుకుని ఆ రోజుకి కలిసేలా వెళ్తే నిజం సైంటిస్టులు పిల్లలతో మాట్లాడతారు.

విశాఖ వెళ్తే కుర్సురా సబ్‌మెరైన్, 91 మీటర్ల ఇనప గొట్టంలో డెబ్బై మందికి పైగా ఎలా బతికారో చూడటానికి, సోమవారం సెలవు. రాజమండ్రి వెళ్తే ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం. బొర్రా గుహలు ఒకసారి బెలూం చూసినవాళ్ళకి ఆ ఏడాదికి అక్కర్లేదు.

ఇక డబ్బుల సంగతి. ఏఎస్‌ఐ, అంటే కేంద్ర పురావస్తు శాఖ, కట్టడాల్లో 15 ఏళ్ళ లోపు పిల్లలకి టికెట్ ఉండదు, అందుకని పుట్టిన తేదీలతో స్కూల్ సీలు వేసిన లిస్టు నాలుగు కాపీలు దగ్గరుంచుకోండి. బెలూంకి టికెట్ ఉంటుంది. బస హోటల్లో కాకుండా ఆ ఊరి స్కూల్లోనో కల్యాణ మండపంలోనో అడిగితే సగానికి సగం తగ్గుతుంది, కానీ అడ్వాన్స్ ఇచ్చేముందు ఒకరు వెళ్ళి బాత్రూంలు చూసి రావాలి, ముఖ్యంగా ఆడపిల్లలకి, ఎన్ని ఉన్నాయి, గడియలు పడతాయా, నీళ్ళొస్తాయా. ఇందులో మొహమాటపడొద్దు. వంటమనిషిని వెంట తీసుకెళ్ళడం బయట తినడం కన్నా చౌక, కడుపులు కూడా బాగుంటాయి. లేడీ టీచర్లు కనీసం నలుగురు. రాత్రి తొమ్మిది దాటాక బస్సు నడపకూడదని డ్రైవర్‌తో ముందే మాట తీసుకోండి, నల్లమల మీద శ్రీశైలం రోడ్డులో అయితే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా ఎలాగూ వదలరు.

పిల్లల చేత ట్రిప్ రిపోర్ట్ రాయించొద్దు దయచేసి, అందరూ ఒకడిది చూసి ఇంకొకడు దించుతారు. ఐదుగురికో గ్రూపు చేసి, గ్రూపుకో ప్రశ్న ఇవ్వండి, సమాధానం ఆ చోట్లోనే ఎవరినో అడిగో కొలిచో తెచ్చుకోవాల్సిన ప్రశ్న. అన్ని గ్రూపులకీ ఒకే ప్రశ్న ఇవ్వకండి.

మీరు ఏ నెలలో అనుకుంటున్నారో రాయలేదు. నంద్యాల వైపు అయితే నవంబర్ చివర నుంచి జనవరి దాకా, సంక్రాంతి సెలవులు తప్పించి. ఎంతమంది టీచర్లు వస్తున్నారో, రైలా బస్సా అన్నది తేల్చుకుని మళ్ళీ రాయండి, రోజువారీ టైములు వేసి పెడతాను.